పెళ్ళి మిక్సింగ్ నుంచి స్టూడియో పీసీఆర్‌కి (ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్‌కి) వెళ్ళాలంటే ఏం నేర్చుకోవాలి?

పర్లాకిమిడి కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. నాలుగేళ్ళుగా పెళ్ళిళ్ళకి కెమెరా పట్టుకుంటున్నాను. ఇప్పుడు ఎల్‌ఈడీ వాల్ లేని పెళ్ళి లేదు కదా, మా ఓనర్ గారు ఒక ఏటెమ్ మినీ (కెమెరాల మధ్య మార్చే చిన్న వీడియో మిక్సర్) కొని నా ముందు పెట్టి "నువ్వే చూసుకో" అన్నారు. మూడు కెమెరాలు, నేను మిక్సింగ్.

మొన్న గుణుపురంలో పెళ్ళి. సరిగ్గా జీలకర్ర బెల్లం టైముకి ఒకటో కెమెరా, అంటే వన్‌లో పెళ్ళికూతురు క్లోజప్ నడుస్తోంది. టూకి వెళ్దామని త్రీ నొక్కేశాను. త్రీ కుర్రాడు అప్పుడే ట్రైపాడ్ జరుపుతున్నాడు. వాల్ నిండా షామియానా, మధ్యలో గిరగిరా తిరుగుతున్న ఫ్యాను! పెళ్ళికూతురి మేనమామ వచ్చి "ఏటి బాబూ, మా గుంట పెళ్ళికొచ్చామా, నీ ఫ్యాను చూడ్డానికొచ్చామా" అన్నాడు. ఆ రాత్రి అన్నం సహించలేదు.

నాకు టీవీ స్టూడియోలో పని చెయ్యాలనుంది. మల్టీ కెమెరా పద్ధతిగా నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంటర్ అయింది, డిగ్రీ మధ్యలో ఆగింది.

రాయగడ వాసి:
తమ్ముడూ, ఇరవై రెండేళ్ళు హైదరాబాద్‌లో న్యూస్ చానళ్ళ పీసీఆర్‌లలో కూర్చుని పోయినేడే ఊరికొచ్చేశాను. ముందు అన్నం తిను, తప్పు నీది సగమే. ఏటెమ్ మినీని పెట్టెలోంచి తీసింది తీసినట్టు వాడితే, నొక్కిన నంబరు నేరుగా వాల్ మీదకి పోతుంది. లాప్‌టాప్‌కి కలిపి, దాని సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో ప్రోగ్రామ్-ప్రివ్యూ మోడ్‌కి మార్చు. ప్రోగ్రామ్ అంటే బయటికి పోయే బొమ్మ, ప్రివ్యూ అంటే తర్వాత పంపడానికి సిద్ధంగా పెట్టుకున్నది. అప్పుడు త్రీ నొక్కితే ప్రివ్యూలో కూర్చుంటుంది, కట్ బటన్ నొక్కితేనే బయటికి వెళ్తుంది. స్టూడియోలో పెద్ద స్విచ్చర్ మీద కూడా ప్రివ్యూకి ఒక వరస బటన్లు, ప్రోగ్రామ్‌కి ఒక వరస. చేతికి ఇప్పట్నుంచే ఆ అలవాటు చెయ్యి.

ఇంకోటి. మామూలు మినీకి హెచ్‌డీఎంఐ అవుట్ ఒక్కటే. అది వాల్‌కి ఇచ్చేశాక నీకు చూసుకోడానికేం మిగిలింది? కళ్ళకి గంతలు కట్టుకుని బండి తోలినట్టే. ఎక్స్‌ట్రీమ్ మోడల్‌కి రెండు అవుట్లుంటాయి, ఒకటి వాల్‌కి, ఒకటి నీ ముందు మల్టీవ్యూకి (అన్ని కెమెరాలూ ఒకే తెర మీద). ఓనర్ గారు కొనకపోతే పెద్ద పెళ్ళిళ్ళకైనా అద్దెకి తెప్పించమను.

ఇక అసలు సంగతి. నువ్వు రాసిందంతా వేలి గురించే, నోటి గురించి ఒక్క ముక్క లేదు. ఆ కుర్రాడు ట్రైపాడ్ జరుపుతున్నట్టు నీకెందుకు తెలీలేదు? వాడు చెప్పలేదు, నువ్వు అడగలేదు. పీసీఆర్‌లో కట్లు చెప్పే ప్యానెల్ ప్రొడ్యూసర్ నోరు ఆగదు. "టూ రెడీ... టూ. వన్, నువ్వు ఫ్రీ, పెళ్ళికొడుకు తల్లి మీదకి వెళ్ళు." ఈ మూడో ముక్కే కొత్తవాళ్ళు మర్చిపోతారు. ఇప్పుడే వదిలేసిన కెమెరాకి తర్వాతి పని చెప్పకపోతే, మళ్ళీ దాని అవసరం పడేసరికి అది ఇంకా పాత ఫ్రేమ్‌లోనే నిలబడి ఉంటుంది. కెమెరా పట్టుకున్నవాడు కూడా ట్యాలీ లైటు (తన బొమ్మ బయటికి పోతోందని చెప్పే ఎర్ర లైటు) ఆరేదాకా కదలకూడదు. ట్యాలీ లేకపోతే "వన్ ఫ్రీ" అన్న మాటే వాడికి ట్యాలీ.

ప్రాక్టీసుకి మిక్సర్ అక్కర్లేదు. మన వైపు జాతరల్లో రాయబారం సీను వేస్తే వెళ్ళు. కృష్ణుడికో కెమెరా, దుర్యోధనుడికో కెమెరా, మధ్యలో వైడ్. మూడూ ప్రేక్షకుల వైపే ఉండాలి. ఇద్దరి మధ్యా ఒక గీత ఉందనుకో, ఒక్క కెమెరా ఆ గీత దాటి పాత్రధారుల వెనక్కి పోయిందా, ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టుంటుంది, మాటామాటా అనుకున్నట్టుండదు. వెనక కూర్చుని కట్లు నోటితో చెప్పుకో. పద్యం చివర రాగం తీస్తాడు చూడు, అక్కడ పరీక్ష. రాగం మధ్యలో కట్ చేస్తే పాడేవాడి ఊపిరి తెగినట్టుంటుంది. ఆపాక, చప్పట్లు లేచే ముందు ఒక్క క్షణం ఖాళీ ఉంటుంది, అక్కడ వైడ్‌కి వెళ్ళు. "వన్స్ మోర్" అంటే మళ్ళీ క్లోజప్‌కి రావాలి కనక వన్‌ని కదలనివ్వకు. (నేను నేర్చుకున్నది ఇలాగే. మా ఆవిడకి మాత్రం నాటకం చూడ్డం మానేసి పక్కన గొణుక్కునే మొగుడు దొరికాడు.)

జయపురం మిక్సింగ్:
పెద్దాయన చెప్పింది నిజమే గానీ కేబుల్ సంగతి వదిలేశారు. హెచ్‌డీఎంఐని పది పదిహేను మీటర్లు దాటించకు, ముహూర్తం టైముకే బ్లాక్ వస్తుంది. కన్వర్టర్ పెట్టి ఎస్‌డీఐ (స్టూడియోల్లో వాడే వీడియో కేబుల్) లాగు, మంచి కేబుల్ అయితే యాభై మీటర్లు నిశ్చింత. మూడు కెమెరాలకీ సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్. ఆటోలో వదిలేస్తే ఒక కట్‌లో పసుపు పచ్చగా, ఇంకో కట్‌లో తెల్లగా పోతుంది పెళ్ళికూతురు. ఫోన్లలో కాన్ఫరెన్స్ కాల్ పెట్టి టాక్‌బ్యాక్ (మిక్సింగ్ వాడికీ కెమెరా కుర్రాళ్ళకీ మధ్య మాటల లైను) అనుకోకు, మాటే ఆలస్యంగా చేరుతుంది, పైగా సన్నాయి డోలు మొదలైతే వినపడదు. వైర్‌లెస్ సెట్లు అద్దెకి దొరుకుతాయి.

బరంపురం అమ్మాయి:
చదువు సంగతి నేను చెప్తాను. కటక్‌లో బిజూ పట్నాయక్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, సినిమాటోగ్రఫీ, సౌండ్, ఎడిటింగ్‌లలో డిప్లొమాలు ఇస్తారు. మనలాంటి సరిహద్దు వాళ్ళకి ఒడియా ఎలాగూ వచ్చు కదా, అక్కడ ఇబ్బంది ఉండదు. పుణె ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా) టీవీ విభాగంలో ఏడాది కోర్సులున్నాయి, వాటికి డిగ్రీ కావాలి. అందుకే ఆ ఆగిన డిగ్రీ ముందు పూర్తి చెయ్యి. ఇంట్లో చెప్పే మాటే, అయినా చెప్తున్నా.

పర్లాకిమిడి కుర్రాడు:
గురువుగారూ, ప్రివ్యూ మోడ్‌కి మార్చాను, దండాలు. ఆదివారం ఇంట్లో మూడు ఫోన్లతో ప్రాక్టీసు పెట్టాను. వన్ తమ్ముడు, త్రీ పక్కింటి అబ్బాయి, టూ మా అమ్మ. సీను ఏంటంటే నాన్న పేపర్ చదవడం. మొదటి కట్టే తుస్సుమంది. నేను "టూ రెడీ" అన్నాను, అమ్మ ఫోన్ దించి "టూ అంటే నేనేనా?" అంది.