నల్లగొండలో నాన్న కట్టించిన ఇల్లు అమ్ముతున్నాం, ముందు ఏం చేయించాలి?
అందరికీ నమస్కారం. నల్లగొండలో పానగల్ వైపు మా ఇల్లు ఉంది. 140 గజాలు, రెండు గదులు, కింద తాండూరు బండలు. నాన్న పోయి రెండేళ్లయింది. అమ్మ నా దగ్గరే హైదరాబాద్‌లో ఉంటోంది.

వంటగది వెనక గోడకు మోకాలి ఎత్తు దాకా ఉప్పు పొంగింది. చేత్తో తడిమితే చాలు, ప్లాస్టరింగ్ పొడిపొడిగా రాలుతోంది. పైన రంగు వేసేస్తే కొన్నాళ్లు కనబడదని మేస్త్రీ అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. కొనేవాళ్లు కూడా మనలాగే పైసా పైసా కూడబెట్టుకుని వస్తారు కదా. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూపించి, పాత పూత చెక్కించి మళ్లీ వేయించాలా? లేక ఉన్నదున్నట్టు చూపించి ధర తగ్గించుకోవాలా? బోరు నీళ్లకు కుళాయిలన్నీ తెల్లగా గారపట్టాయి, అవీ మార్చాలా?

ఇంకో టెన్షన్ కాగితాలది. రిజిస్ట్రేషన్, ఇంటి పన్ను రెండూ నాన్న పేరు మీదే ఉన్నాయి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకున్నాం, ఈసీ (ఇంటి మీద అప్పులు, పాత లావాదేవీలు ఏమైనా ఉన్నాయేమో చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించాను. అమ్మ, అక్క, నేను సంతకాలు పెడితే సరిపోతుందా, ముందు ఇంటి పన్నులో పేరు మార్పించుకోవాలా?

పండగొస్తే అమ్మ ఇప్పటికీ వెళ్లి ఆ గడపకు పసుపు రాసి వస్తుంది. మంచివాళ్ల చేతికి పోవాలని ఆమె కోరిక. ఈ మధ్య ఇటువైపు ఇల్లు అమ్మినవాళ్లుంటే దయచేసి చెప్పండి.