పాత మహీంద్రా పికప్‌లో అరిగిన క్లచ్ పెడల్ లింకేజీ: మరమ్మతు ఎలా, సామాన్లు ఎక్కడ?

ప్రశ్న (గాజువాక నుంచి)

నమస్కారం. మా నాన్నగారు అనకాపల్లి మార్కెట్ నుంచి ఏళ్ల తరబడి బెల్లం తోలిన మహీంద్రా పికప్ మా ఇంట్లో ఉంది. జీపు చాసిస్ మీద కట్టిన పెట్రోలు బండి. ఈ మధ్య క్లచ్ పెడల్ దాదాపు నేలకు ఆనేదాకా నొక్కితే తప్ప క్లచ్ విడవడం లేదు, మొదటి గేరు గరగరమంటూ పడుతోంది. పెడల్‌ను చేత్తో పట్టుకుని ఊపితే పక్కనున్న బ్రేక్ పెడల్‌కు తగులుతోంది. ఒక షెడ్డులో చూపిస్తే రాడ్ నట్టు బిగించి పంపారు. నాలుగు రోజులకు ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ జారడం మొదలైంది. కొత్త పెడల్ సెట్టు దొరకదు, తుక్కుకు ఇచ్చెయ్యమన్నారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. దీన్ని బాగుచేయించే దారి దయచేసి చెప్పండి.

సమాధానం (మర్రిపాలెం నుంచి)

ఇది తుక్కుకు ఇవ్వవలసిన బండి కాదండీ. ముందు ఆ రాడ్ నట్టును వెనక్కి తిప్పి, పెడల్‌కు సుమారు అంగుళం ఖాళీ ఆట (క్లచ్ మీద పని మొదలయ్యే ముందు పెడల్ ఊరికే కదిలే దూరం) వచ్చేలా పెట్టండి. కీళ్లలోని అరుగుదలను నట్టు బిగించి సరిపెడితే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ ఒత్తిడిలోనే తిరుగుతుంది, క్లచ్ ప్లేటుకు పూర్తి పట్టు అందక జారుతుంది. మీకు జరిగింది అదే అయి ఉంటుంది.

పెడల్ కదలికను క్లచ్‌కు చేర్చే ఈ లింకేజీలో పెడల్ షాఫ్ట్ బుష్‌లు (షాఫ్ట్ లోపల తిరిగే లోహపు గొట్టాలు), అడ్డ షాఫ్ట్ రెండు చివరలు, రాడ్ పిన్నులు, వాటి రంధ్రాలు అన్నీ కొంచెం కొంచెంగా అరుగుతాయి. ఒక్కో కీలు దగ్గర పోయింది అర మిల్లీమీటరే అయినా, లీవర్ల పొడవు వల్ల కాలి కింద అది ఎన్నో రెట్లుగా తెలుస్తుంది. నా జీపు విప్పి కిరసనాయిలుతో కడిగినప్పుడు ఒక పిన్ను నడుమ సన్నబడి డమరుకంలా బయటపడింది. ఇంకొక చోట ఎవరో పిన్నుకు బదులు పొడవునా మరలున్న బోల్టు వేశారు, ఆ మరలు ఆకురాయిలా రాచి రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారానికి తెచ్చాయి. అటువంటి రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి మళ్లీ డ్రిల్ చేయించాలి, లేదా పెద్దది చేసి లోపల స్లీవ్ దిగ్గొట్టించాలి.

బుష్‌లు గన్‌మెటల్‌తో (ఒక రకం కంచు) ఆటోనగర్‌లో ఏ లేత్ షాపులోనైనా తీయించవచ్చు. షాఫ్ట్ అరిగి ఉంటే ముందు దాన్ని గుండ్రంగా సరిచేయించి, ఆ కొలతకే బుష్ చేయించండి. ప్రెస్ చేసినప్పుడు బుష్ లోపలి కొలత కాస్త తగ్గుతుంది కాబట్టి, రంధ్రాన్ని సరైన కొలతకు నునుపు చేసే రీమర్ వేయవలసింది బిగించిన తరువాతే. బుష్‌లో గ్రీజు రంధ్రం, బయట గ్రీజు కొట్టే నిపిల్‌కు సూటిగా రాకపోతే ఎంత గ్రీజు కొట్టినా షాఫ్ట్‌కు చేరదు, మన సముద్రపు గాలికి తుప్పు పట్టి మళ్లీ బిగుసుకుపోతుంది. ఈ ఒక్కటి దగ్గరుండి చూసుకోండి.

సమాధానం (విజయవాడ నుంచి)

సామాన్ల సంగతి నేను చెబుతాను. ఈ బండ్లు విల్లీస్ జీపు నుంచి వచ్చినవి కాబట్టి పాత కొలతలన్నీ అంగుళాల్లో ఉంటాయి. 3/8 అంగుళం అంటే 9.525 మి.మీ.; ఆ రంధ్రంలో 10 మి.మీ. పిన్ను దూరదు, 9 మి.మీ. పిన్ను వేస్తే అర మిల్లీమీటరు ఆట మొదటి రోజే వస్తుంది. దూరలేదని రంధ్రం పెద్దది చేసే మెకానిక్‌ను దయచేసి ఆపండి. ఇక్కడి ఆటోనగర్‌లో పాత జీపు సామాన్లు వెతకవచ్చు. కుదరకపోతే చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ ఉన్నాయి. ఫోనులో పేరు చెబితే ఏదో ఒకటి పంపుతారు. పాత ముక్కను స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి పంపండి, వీలైతే చేతపట్టుకుని వెళ్లండి.

సమాధానం (గోపాలపట్నం నుంచి)

పెడల్స్ ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి బ్రేక్ పెడల్‌ను మాస్టర్ సిలిండర్‌కు (బ్రేకు ఆయిల్‌ను చక్రాలకు నెట్టే భాగం) కలిపే పుష్ రాడ్ పిన్నును కూడా చూడండి. ఆ కాలపు బ్రేకులకు ఒకటే సర్క్యూట్. ఆ పిన్ను ఊడితే నాలుగు చక్రాలకూ ఒకేసారి బ్రేకు పోతుంది. అక్కడ పాత స్ప్లిట్ పిన్ను (పిన్ను ఊడకుండా దూర్చి కొసలు వంచే తీగ) మళ్లీ వాడకండి. బ్రేక్ పెడల్ చేతికి వెల్డింగు అవసరమైతే అనుభవమున్నవారి చేతనే చేయించండి.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఆదివారం విప్పాను. పెడల్ షాఫ్ట్ బాగానే ఉంది, బుష్‌లు మాత్రం ఒక పక్కకు కాగితంలా పలచబడ్డాయి. రెండు రాడ్ పిన్నులకు గాళ్లు పడ్డాయి. గోపాలపట్నం వారు చెప్పిన బ్రేకు పిన్నుకు స్ప్లిట్ పిన్నే లేదు, కరెంటు తీగ ముక్క చుట్టి ఉంది. బుష్‌లు లేత్‌కు ఇచ్చాను, పాత పిన్నులు స్కేలు పక్కన పెట్టి ఫోటోలు తీసి విజయవాడకు పంపాను. అన్నీ బిగించేదాకా బండి కదపను.