మైనర్ లీగ్ కుర్రవాళ్ల ఎదుగుదలను ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న:
అమెరికా బేస్‌బాల్ జట్టు బాల్టిమోర్ ఓరియోల్స్ అభిమానిగా, ఆ జట్టు మైనర్ లీగ్ (ప్రధాన జట్టుకు చేరే ముందు ఆడే కింది స్థాయి పోటీల) ఆటగాళ్లను కూడా గమనించాలని నాకు ఎంతో ఆసక్తి. కానీ రోజువారీ స్కోర్లు చూసినంత మాత్రాన ఎవరు నిజంగా ఎదుగుతున్నారో అర్థం కావడం లేదు. దేనిని ప్రధానంగా చూడాలో తెలిసినవారు చెప్పగలరా?

మొదటి సమాధానం:
బ్యాటింగ్ సగటు కన్నా ముందు ఆటగాడి వయసునూ, ఆడుతున్న స్థాయినీ కలిపి చూడండి. మైనర్ లీగ్‌లో కింది నుంచి పైకి వరుసగా ఉండే లో-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ మెట్లలో అసలు పరీక్ష డబుల్-ఏ దగ్గరే మొదలవుతుందని నా అభిప్రాయం. అక్కడి పిచర్లలో (బంతి విసిరేవాళ్లలో) చాలామంది వేగంతో పాటు బంతిని అనుకున్న చోట వేయగలరు కాబట్టి, చెడ్డ బంతిని వదిలేసే ఓపిక లేని బ్యాటర్ లోపం త్వరగా బయటపడుతుంది. అందుకే వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులను వదిలేసి బేస్‌కు చేరడం), స్ట్రైకౌట్ల (మూడు స్ట్రైకులతో అవుటవడం) నిష్పత్తిని నెలల తరబడి గమనించాలి.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తాను, అయితే మేజర్ లీగ్‌కు, అంటే అత్యున్నత స్థాయికి, చేరే చివరి మెట్టు మరీ కష్టమైనది. 2022 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో) మొట్టమొదట ఎంపికైన జాక్సన్ హాలిడే, 2023 ఒక్క సీజన్‌లోనే ఆ నాలుగు మెట్లలోని ఓరియోల్స్ మైనర్ లీగ్ జట్లు డెల్మార్వా, అబర్డీన్, బౌయీ, నార్ఫోక్ అన్నింటిలో ఆడాడు. అంతటివాడు 2024 ఏప్రిల్‌లో మేజర్ లీగ్‌కు వచ్చి, మొదటి 10 మ్యాచ్‌లలో 34 అవకాశాలకు 2 హిట్లే కొట్టి నార్ఫోక్‌కు తిరిగి వెళ్లాడు. జులై 31న మళ్లీ వచ్చిన రోజునే తన తొలి మేజర్ లీగ్ హోం రన్‌ను గ్రాండ్ స్లామ్‌గా (మూడు బేస్‌లలోనూ తోటి ఆటగాళ్లు ఉండగా కొట్టి నాలుగు పరుగులు తెచ్చే హోం రన్‌గా) మలిచాడు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. పిచర్ల విషయంలోనూ ఇదే పద్ధతా?

మొదటి సమాధానమిచ్చినవారు:
చాలావరకు అంతేనండీ. కాకపోతే భుజానికి, మోచేతికి భారం కాకుండా క్లబ్బులు వారిచేత తక్కువ ఇన్నింగ్స్ వేయిస్తాయి కనుక, గెలుపోటముల లెక్కను పట్టించుకోకండి.