1950-51 నుంచి వ్యవసాయ ఉత్పాదకత పట్టిక: దేన్ని దేంతో భాగించాలి? (ఆన్‌లైన్ చర్చ; ప్రతి పోస్టు పైన రాసినవారి మారుపేరు)

అతుకులపట్టిక
1950-51 నుంచి ఇటీవలి దాకా మన దేశ వ్యవసాయ ఉత్పత్తి, ఉత్పాదకత ఒకే పట్టికలోకి తెస్తున్నాను. ఆహారధాన్యాలు 508 లక్షల టన్నుల దగ్గర మొదలై 2023-24లో 3,323 లక్షల టన్నులు. హెక్టారు దిగుబడి 522 కిలోల నుంచి 2020-21 నాటికి 2,394. ఇంతవరకు చిక్కు లేదు. నాలుగు చోట్ల ఆగిపోయాను.
1) ఉత్పాదకత అంటే హెక్టారుకి చూడాలా, మనిషికి చూడాలా?
2) జాతీయ ఆదాయ లెక్కల్లో 2004-05 ధరల సీరీస్‌ని 2011-12 సీరీస్‌తో ఎలా అతకాలి?
3) వృద్ధి రేటుకి ఏ ఏడాది నుంచి మొదలెట్టాలి?
4) పప్పుల దిగుబడి నత్తనడక నడిస్తే మొత్తం సగటు నాలుగున్నర రెట్లు ఎలా అయింది?

వడ్లబస్తా
ముందు వరి కాలమ్ మీద పెద్దక్షరాలతో "బియ్యం" అని రాసుకోండి. మన సర్కారు లెక్కల్లో వరి ఉత్పత్తి అంటే బియ్యం. ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) లెక్కల్లో వడ్లు. ఇది చూసుకోకుండా "చైనా హెక్టారుకి 7 టన్నులు, మనం 2.8" అని చార్టులు గీసి ఊరంతా తిప్పేవాళ్లకి ఒక దండం. 2022-23లో మనది 2,838 కిలోల బియ్యం. వడ్లలో మూడింట రెండొంతులు బియ్యం అనుకుంటే 4,250 కిలోల వడ్లు. చైనాతో తేడా ఉంది, కాదనను. కానీ రెట్టింపు కూడా లేదు.
బస్తాల్లో మాట్లాడేవాళ్లకి: 75 కిలోల బస్తాలు ఎకరానికి 35 అంటే 2,625 కిలోలు. 2.471తో హెచ్చిస్తే హెక్టారుకి 6,486 కిలోల వడ్లు, బియ్యంలో 4,320 చుట్టూ. జిల్లా సగటు పక్కన పెట్టేటప్పుడు ఈ రెండోదే పెట్టాలి.

తూకంరాయి
మూడింట రెండొంతులనేది మిల్లు నిబంధన అండీ, ప్రకృతి ధర్మం కాదు. సర్కారు సేకరణలో పచ్చిబియ్యానికి 67 శాతం, ఉప్పుడు బియ్యానికి 68. అసలు మిల్లులో నూక, తేమ, రకాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. 1950లలో దంపుడుకీ ఇప్పటి రబ్బరు రోలర్లకీ ఒకే గుణకం వేస్తే మీ సీరీస్ మొదట్లోనే తేడా దూరుతుంది.

ఐదుమీటర్లతాడు
గుణకం సంగతి తర్వాత. ఆ 2,838 ఎక్కడ పుడుతుందో తెలిసిన తర్వాత మాట్లాడదాం. పంట కోత ప్రయోగంలో పుడుతుంది. ఊరికి పంటకి రెండు చేలు, చేనుకి ఒక ప్లాటు. నైరుతి మూల నిలబడి, పొడవు వెడల్పులు అడుగులతో కొలిచి, రాండమ్ నంబర్ల జత ప్రకారం నడిచి ఆగిన చోట మొదటి మేకు. అక్కడి నుంచి 5×5 మీటర్లు. మూలమట్టం తెలియాలంటే ఐమూలగా కొలవండి, 7.07 మీటర్లు రావాలి. రాకపోతే మీది చతురస్రం కాదు, నలిగిన పెట్టె. తాడు మీద పడిన కుదురు మొదలు సగానికి మించి లోపల ఉంటేనే కొయ్యాలి. 25 చదరపు మీటర్ల తూకాన్ని 400తో హెచ్చిస్తే హెక్టారు దిగుబడి.
తప్పు జరిగేది మూడు చోట్ల. ఒకటి, నంబరు ప్రకారం ఎండిన చోట పడితే "ఇక్కడేముంది" అని పక్కకి జరపడం. ఎండిన చోటైనా అక్కడే కొయ్యాలి, అందుకే అది రాండమ్. రెండు, అంచు సాలు. 20 సెంటీమీటర్ల సాళ్లయితే 5 మీటర్లలో 25 సాళ్లు. ఒక్క సాలు కలుపుకుంటే 26, అంటే 4 శాతం గాలి దిగుబడి. మూడు, తేమ. కోసిన రోజు 15 కిలోలు తూగితే హెక్టారుకి 6,000 అని రాసేస్తారు. తేమ 22 శాతం ఉందనుకోండి, 14కి దించితే 15×78÷86, అంటే 13.6 కిలోలు. హెక్టారుకి 5,440. ఆరబెట్టి మళ్లీ తూచే ఓపిక లేక 560 కిలోలు కాగితం మీద పండుతున్నాయి.

వలయం
బాగుంది. అయితే 5×5 దేవుడిచ్చినదేం కాదు. గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ చిన్న వలయాలతో కోయించారు. తక్కువ ఖర్చులో ఎన్నో చేలు తిరగొచ్చు. చేనుకీ చేనుకీ మధ్య తేడా ఎక్కువ, ఒకే చేనులోపల తక్కువ. అలాంటప్పుడు ఒక చేనులో పెద్ద ముక్క కోయడం కంటే పది చేలల్లో చిన్న ముక్కలు కోయడమే తెలివి.

ఐదుమీటర్లతాడు
తెలివే, గింజ సరిగ్గా లోపల పడితే. ఒక మీటరు వ్యాసార్ధం వలయానికి వైశాల్యం 3.14, అంచు 6.28 మీటర్లు. చదరపు మీటరుకి 2 మీటర్ల అంచు. 5×5కి 0.8. అంచు దగ్గర కోసేవాడి చెయ్యి ఎప్పుడూ లోపలికే లాగుతుంది, బయటికి తొయ్యదు. చుట్టూ 5 సెంటీమీటర్లు ఎక్కువ పోతే చతురస్రం 4 శాతం ఉబ్బుతుంది, వలయం 10 శాతం. ఇంకో గణాంక శాస్త్రవేత్త సుఖాత్మే 1946లోనే నేచర్ పత్రికలో చిన్న ప్లాట్ల పక్షపాతం గురించి రాశారు. పది చేలు కాదు, పదివేల చేలు తిరిగినా ఆ 10 శాతం పోదు. శాంపిల్ పెంచితే తగ్గేది చెదురు (అటూ ఇటూ పడే తేడా), వంపు (ఎప్పుడూ ఒకేవైపు పడే తప్పు) కాదు.

వలయం
శిక్షణ లేని మనిషితో కోయిస్తే 5×5లోనూ వంపే. మహలనోబిస్ దగ్గర పని చేసింది రెవెన్యూ సిబ్బంది కాదు, విడిగా పెట్టుకున్న సర్వే మనుషులు. ఒకే ప్రాంతాన్ని రెండు జట్లకి విడివిడి ఉపశాంపిళ్లుగా ఇచ్చి ఫలితాలు పోల్చేవారు. జట్ల మధ్య తేడా వస్తే అక్కడే దొరికిపోతుంది. మీ తాడు పద్ధతిలో దొంగని పట్టే ఏర్పాటేది? సూపర్‌వైజర్ సంతకమా?

ఐదుమీటర్లతాడు
సంతకం గురించి మీరు నాకు చెప్పాలా? ముప్పై ఏళ్లు ఈ లెక్కల్లోనే ఉన్నాను. దేశం మొత్తం ఐదు మీటర్లే కొలుస్తుంటే మీరింకా 1940ల్లోనే తిరుగుతున్నారు.

వలయం
దేశం మొత్తమా? ఉత్తరప్రదేశ్‌లో 10 మీటర్ల భుజం ఉన్న సమబాహు త్రిభుజం. పశ్చిమ బెంగాల్‌లో ఇప్పటికీ వలయమే. ముప్పై ఏళ్లలో రాష్ట్రం దాటి చూసినట్టు లేరు.

మోడ్-2
ఇద్దరూ ఏళ్ల లెక్క ఆపి హెక్టార్ల లెక్కకి రండి. ఇంకో వ్యక్తిగత మాట వస్తే పోస్టు తీసేస్తాం.

పాతఅడంగల్
ప్లాటు ఆకారం మీద కొట్టుకుంటున్నారు కానీ దిగుబడిని హెచ్చించే విస్తీర్ణం ఎక్కడిది? రెవెన్యూ రికార్డుది. అందులో గట్లు, బోదెలు అన్నీ కలిసే ఉంటాయి. కోసిన ప్లాటులో గట్టు ఉండదు. గట్లకి నూటికి మూడు పోయిందనుకుంటే, ఆ సవరణ చేయని చోట ఉత్పత్తి 3 శాతం ఎక్కువ. తాడు ఎంత బిగించినా ఇది కనపడదు. పైగా 2016 నుంచి ఫసల్ బీమా (కేంద్ర పంటల బీమా పథకం) వచ్చాక గ్రామ పంచాయతీకి ప్రధాన పంటకి కనీసం నాలుగు కోత ప్రయోగాలు. పరిహారం ఆ తూకం మీదే ఆధారపడ్డాక తక్కువ తూగాలనే వాళ్లు ఒకవైపు, ఎక్కువ తూగాలనే వాళ్లు ఇంకోవైపు. త్రాసు మాత్రం ఒక్కటే.

అతుకులపట్టిక
నేను అడిగిన నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు రాలేదు :)

తలసరి
మొదటిదానికి నేను చెబుతాను. ఎకరం దిగుబడి చూసి చప్పట్లు కొట్టడం మానాలి. దేశ ఆర్థికంలో వ్యవసాయం ఎక్కడుందో తెలియాలంటే మనిషికే చూడాలి. జీవీఏలో (దేశంలో అన్ని రంగాలూ జోడించిన స్థూల విలువలో) వ్యవసాయ, అనుబంధ రంగాల వాటా 18 శాతం చుట్టూ. 2023-24 పీఎల్ఎఫ్ఎస్ (సర్కారు శ్రామిక సర్వే) ప్రకారం పనివాళ్లలో వాటా 46.1. 18ని 46తో భాగిస్తే 0.39. మిగతా రంగాలకి 82ని 54తో భాగిస్తే 1.52. తేడా 3.9 రెట్లు. ఈ ఒక్క నిష్పత్తిని కాలం వెంట గీయండి, దిగుబడి గీత చెప్పని కథ చెబుతుంది. వింతేమిటంటే 2018-19లో ఆ వాటా 42.5. తగ్గాల్సింది పెరిగింది.

తూకంరాయి
మనిషి అంటే ఎవరు? పీఎల్ఎఫ్ఎస్ సాధారణ స్థితి లెక్కలో అనుబంధ పని ఏడాదిలో 30 రోజులున్నా పనివాళ్ల కిందే వస్తారు. ఇంటి చేలో నెల రోజులు కలుపు తీసిన ఆవిడా ఒకటే, ఏడాదంతా నాగలి పట్టినవాడూ ఒకటే మీ హారంలో. జీతం లేని ఇంటి సహాయకులు లెక్కలో పెరిగితే "ఉత్పాదకత పడిపోయింది" అంటారు. పడింది ఉత్పాదకత కాదు, హారం లావెక్కింది. వారపు స్థితి (గడిచిన వారంలో పని చేశారా అన్న లెక్క) తీసుకోండి, వీలైతే పని గంటలతో భాగించండి.

తలసరి
గంటల లెక్క 1951 నుంచి తెచ్చివ్వండి, వాడతాను. జనగణనే దిక్కు. దాంట్లోనూ 2001లో సాగుదార్లు 12.7 కోట్లు, కూలీలు 10.7 కోట్లు. 2011కి సాగుదార్లు 11.9, కూలీలు 14.4 కోట్లు. తలకిందులైంది. సాగుదారుకి ఎంత, కూలీకి ఎంత అని విడదీయకుండా సగటు తీస్తే ఎవరి బతుకూ కనపడదు.

పాలక్యాను
అందరూ ధాన్యం దగ్గరే ఆగారు. 1950-51లో పాలు 170 లక్షల టన్నులు, 2023-24లో 2,393 లక్షలు. పద్నాలుగు రెట్లు. ధాన్యాలు ఆరున్నర రెట్లే. రంగం జీవీఏలో పశుసంపద దాదాపు 30 శాతం. హెక్టారుతో భాగిస్తే దీన్ని ఎక్కడ పెడతారు? ఇంకో మెలిక: వరిగడ్డి పంట వైపు ఉత్పత్తి, పశువు వైపు ఖర్చు. పేడ పశువు వైపు ఉత్పత్తి. రెండు వైపులా ఒకేసారి వేసుకుంటే రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

వడ్లబస్తా
టన్నులతో టన్నులు పోల్చడం అసలే వద్దు. 2012-13లో పండ్లు కూరగాయలు అన్నీ కలిపి 2,688 లక్షల టన్నులు, ధాన్యం 2,571 అని "ఉద్యాన పంటలు ధాన్యాన్ని దాటేశాయి" అన్నారు. టమాటాలో నూటికి తొంభైకి పైగా నీళ్లు. బియ్యంలో 14. నీళ్లు దాటాయి, అంతే. కలపాలంటే స్థిర ధరల్లో విలువ కట్టి కలపండి.

సీరీస్‌మేస్త్రి
రెండో ప్రశ్నకి. 2011-12 ధరల్లో 2004-05 దాకా వెనక్కి లెక్కగట్టిన సీరీస్ 2018 నవంబరులో వచ్చింది. కాబట్టి మీకు ఒక్క ఏడాది కాదు, ఏడేళ్ల పైన ఉమ్మడి కాలం ఉంది. అతుకు 2004-05 దగ్గర వేయండి: కొత్త సీరీస్ 2004-05 అంకెని పాత సీరీస్ 2004-05 అంకెతో భాగించి, ఆ గుణకంతో పాతవన్నీ హెచ్చించండి. పాత వృద్ధి రేట్లు చెక్కుచెదరవు. అయితే పంటలు, పశువులు, అడవి, చేపలు విడివిడిగా అతికి కూడితే వచ్చేది, మొత్తాన్ని ఒకేసారి అతికితే వచ్చేది ఒకటి కాదు. ఆ తేడాని "సర్దుబాటు" అని ఏదో ఒక వరసలో దాచకండి, విడి కాలమ్‌గా వదిలేయండి. పాతది ఫ్యాక్టర్ కాస్ట్, కొత్తది బేసిక్ ధరలు (ఉత్పత్తి మీది పన్నులు కలిపి, రాయితీలు తీసేసినవి). హద్దే వేరు కనుక స్థాయిలు పోల్చొద్దు. ధాన్యం ఏడాది జులై-జూన్, జాతీయ ఆదాయం ఏడాది ఏప్రిల్-మార్చి, ఇదీ మరవద్దు.
మూడోది: ఏ కరువు ఏడాదినీ మొదలు పెట్టుకోవద్దు. 1965-66లో 723.5 లక్షల టన్నులు, 1967-68లో 950.5. రెండేళ్లలో 31 శాతం అని హరిత విప్లవానికి హారతి పట్టేవాళ్లున్నారు. 1964-65లోనే 893.6 ఉంది. అక్కడి నుంచి మూడేళ్లకి 6.4 శాతమే.

లెర్మా64
6.4 అని తీసిపారేయకండి. పంటవారీ చూడండి. గోధుమ 1964-65లో 122.6 లక్షల టన్నులు, 1967-68లో 165.4. కరువు ముందు ఏడాదితో పోల్చినా 35 శాతం. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల విత్తనం ఊరికే తెప్పించలేదు. వరే వెనకబడింది: 393 నుంచి 376కి. వరికి ఐఆర్8 రకం వచ్చినా మన డెల్టాల్లో అసలు ఊపు మార్టేరు స్వర్ణ, బాపట్ల సాంబ మసూరి వచ్చాకే, 1980లలో.

సీరీస్‌మేస్త్రి
తీసిపారేయలేదు. మొత్తంలో కనపడదు అన్నాను. 2002-03 కూడా అంతే: ధాన్యం 2,128 లక్షల టన్నుల నుంచి 1,748కి పడి, మరుసటేడు 2,132. పడిన ఏడాది నుంచి కొలిస్తే 22 శాతం వృద్ధి, ముందు ఏడాది నుంచి కొలిస్తే సున్నా. మూడేళ్ల సగటు 2,003 తీసుకోండి. దీర్ఘకాలానికి లాగ్ రిగ్రెషన్ (అన్ని ఏళ్ల అంకెల లాగరిథమ్‌లకి ఒక సరళరేఖ అమర్చడం). మీ 522 నుంచి 2,394 చివర్ల లెక్క అయితే ఏడాదికి 2.2 శాతం.

అతుకులపట్టిక
కృతజ్ఞతలు. నాలుగోది, పప్పులు?

సీరీస్‌మేస్త్రి
పంటలు మారడం వల్లే సగటు పెరిగిందని అందరూ అంటారు. వేసి చూడండి. 1950-51లో విస్తీర్ణం వాటాలు: వరి 31.7 శాతం, గోధుమ 10, ముతక ధాన్యాలు (జొన్న, సజ్జ, మొక్కజొన్న లాంటివి) 38.7, పప్పులు 19.6. ఇవే వాటాలు కదలకుండా పెట్టి 2020-21 దిగుబడులతో హెచ్చించండి: వరి 2,717, గోధుమ 3,521, ముతకవి 2,130 చుట్టూ, పప్పులు 885. వచ్చేది 2,210. అసలు సగటు 2,394. అంటే పంటల మార్పిడి ఇచ్చింది 180 కిలోలే, మిగతాదంతా పంటల లోపలి పెరుగుదల. పప్పులు 441 నుంచి రెండింతలే అయినా వాటి వాటా ఐదో వంతే కనుక సగటుని పెద్దగా లాగలేకపోయాయి.
ఇక్కడే ఒక దొంగ లెక్క ఉంది. ముతక ధాన్యాలు 408 నుంచి 2,130కి వెళ్లింది జొన్న బాగుపడి కాదు. జొన్న 155 లక్షల హెక్టార్ల నుంచి 45 లక్షల లోపుకి పడి, మొక్కజొన్న 31 నుంచి 98 లక్షల పైకి వెళ్లింది. పేరు ఒకటే, లోపల పంట వేరు. ఆ గుంపుని విడగొట్టి మళ్లీ చేస్తే పంటల మార్పిడి వాటా 180 దాటుతుంది.

ఐదుమీటర్లతాడు
మొక్కజొన్నకి కండెలు తూచి రాసేస్తారు కొన్ని చోట్ల. ఒలిచిన గింజ తూకమే వెయ్యాలి, బెండు కాదు. అది కూడా చూసుకున్నాకే విడగొట్టండి.

వలయం
హమ్మయ్య, ఒక్క విషయంలో కలిశాం.