స్కూల్ అయిపోగానే కెరీర్ ఫిక్స్ చేసుకోవాల్సిందేనా?

పాత స్టూడెంట్:
స్కూల్ వదిలి చాలా ఏళ్లయింది, మా బ్యాచ్ వాళ్లం మాట్లాడుకుంటే ఇప్పటికీ తెగని గొడవ ఇదే. 17, 18 ఏళ్లకే ఒక లైన్ పట్టుకుని అందులోనే ఉండాలా, లేక కొన్ని పనులు చేసి చూసుకుని కుదురుకోవాలా? నా ఓటు రెండోదానికే. ఆ వయసులో మనకి సబ్జెక్టులు తెలుసు గానీ పనులు తెలీవు. బయాలజీలో మార్కులొస్తే డాక్టర్ అయిపోదాం అనుకుంటాం, కానీ నైట్ డ్యూటీలు, పేషెంట్ వాళ్లకి చెడ్డ వార్త మనమే చెప్పాల్సి రావడం, ఇవేవీ మార్కుల్లో కనపడవు కదా. పరిణామ సిద్ధాంతం చెప్పిన డార్విన్‌నే తీసుకోండి, 1825లో ఎడిన్‌బరోలో మెడిసిన్‌లో చేరాడు, మత్తుమందు లేని రోజుల్లో ఆపరేషన్లు చూసి తట్టుకోలేకపోయాడు, చదువు మానేశాడు, తర్వాత చర్చిలో మతగురువు అవుతాడని కేంబ్రిడ్జ్ పంపారు, చివరికి 1831లో ప్రకృతిని పరిశోధించడానికి బీగిల్ అనే ఓడ ఎక్కాక గానీ తన దారి తనకి దొరకలేదు.

మొదటి జీతం:
డార్విన్ కథలో ఒక ముక్క వదిలేశారండీ. వాళ్ల నాన్న బాగా డబ్బున్న డాక్టర్. ఆ ఓడలో ఆయనకి జీతం లేదు, దాదాపు ఐదేళ్లు ఇంటి డబ్బుతోనే గడిచింది. ఇంటిల్లిపాదీ ఎదురుచూసేది తన జీతం కోసమే అయిన అమ్మాయికి, కొన్నాళ్లు ట్రై చేసి చూడమ్మా అని ఎవరు చెప్తారు? ఆ అమ్మాయికి గట్టిగా ఒక లైన్ పట్టుకోవడమే సేఫ్.

పాత స్టూడెంట్:
డబ్బు సంగతి మీరన్నది నిజమే, దాన్ని పక్కన పెట్టి మాట్లాడితే ఈ చర్చకి అర్థమే లేదు. కానీ నేను ఖాళీగా తిరగమనట్లేదు, జీతం తీసుకుంటూనే మారొచ్చంటున్నా. కెనడాలో ఒక పెద్ద స్టడీ ఉంది, ఒరియోపౌలస్, వాన్ వాక్టర్, హైజ్ అని ముగ్గురు ఎకనామిస్టులు 2012లో పబ్లిష్ చేశారు. జాబ్ మార్కెట్ డౌన్‌లో ఉన్నప్పుడు కాలేజీ నుంచి బయటికొచ్చిన వాళ్ల సంపాదన మొదట్లో సుమారు 9 శాతం తగ్గింది, అది పూడటానికి పదేళ్లదాకా పట్టింది. ఎలా పూడింది అంటే కొంతవరకు మొదటి కంపెనీ వదిలి మెరుగైన కంపెనీలకి మారడం వల్ల. అంటే మొదట దొరికిన దాన్నే పట్టుకుని కూర్చోకపోవడం చాలామందికి కలిసొచ్చింది. అందుకే ఏ కోర్సులో చేరేముందైనా నేను అడగమనేది ఒకటే, ఇది నచ్చకపోతే ఇందులో నేర్చుకున్నది ఇంకెక్కడైనా పనికొస్తుందా అని.

బ్యాక్ బెంచ్:
మారడం సరే, ఆ కొత్త ఉద్యోగం ఉందని తెలిసేదెలా? గ్రానోవెటర్ అనే సోషియాలజిస్ట్ 1973లో రాసిన పేపర్ గుర్తుకొచ్చింది. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లని అడిగితే, ఆ కబురు చెప్పింది రోజూ కలిసే ఫ్రెండ్స్ కన్నా ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్లే ఎక్కువని తేలింది. రోజూ కలిసేవాళ్లకి మనకి తెలిసిందే తెలుస్తుంది మరి. కాబట్టి పాత క్లాస్‌మేట్స్‌తో మాట కలుపుతూ ఉండండి, వేరే లైన్లలోకి వెళ్లినవాళ్లతో ఇంకా ఎక్కువగా.

మొదటి జీతం:
అదే కెనడా స్టడీలో ఇంకోటి కూడా ఉంది, అందరూ ఒకేలా కోలుకోలేదు. మంచి డిగ్రీ ఉన్నవాళ్లు త్వరగా మారిపోయారు, అంతగా డిమాండ్ లేని చదువుతో వచ్చినవాళ్లకి ఆ నష్టం అలాగే ఉండిపోయింది. నా వాదన అక్కడే ఉందండీ. మారగలిగే స్థితి ముందు సంపాదించుకోవాలి. సర్టిఫికెట్‌కి విలువ తక్కువైన పిల్లలకి మొదటి రెండు మూడేళ్లు ఒకేచోట ఉండి చేతికి ఒక గట్టి పని నేర్చుకోమనే చెప్తా, తర్వాత ఎన్ని లైన్లు మారతారో వాళ్లిష్టం.

పాత స్టూడెంట్:
దీనికి ఒప్పుకుంటా, కానీ ఒక కండిషన్. ఆ రెండు మూడేళ్లు ఎక్కడ ఉండాలో ఎంచుకునేది ఆ పిల్లలే అవ్వాలి, మార్కుల షీటు చూసి పెద్దవాళ్లు కాదు.