మిన్యా జవూత్: నన్ను ఫలానా అంటారు

మా అమ్మాయి ఈ సెప్టెంబరులో మెడిసిన్ చదవడానికి రష్యా వెళ్తోంది. రెండు నెలలుగా రోజూ సాయంత్రం ఆన్‌లైన్‌లో రష్యన్ పాఠం వింటోంది. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. పక్కన కూర్చుని వినడం మొదలుపెట్టిన నాలుగో రోజుకి నేనూ ఒక నోటుపుస్తకం కొనుక్కున్నాను. మొదటి పాఠంలోని మొదటి వాక్యం గురించే ఈ పోస్టు.

రష్యన్లు తమ పేరు చెప్పుకోవాలంటే "మిన్యా జవూత్" అని, ఆ తర్వాత పేరు చెబుతారు. మిన్యా జవూత్ పద్మ. పాఠం చెప్పేవారు దీనికి "మై నేమ్ ఈజ్ పద్మ" అని అర్థం చెప్పి, మిన్యా అంటే మై, జవూత్ అంటే నేమ్ ఈజ్ అనుకోండి, అని ముందుకు వెళ్ళిపోయారు. మా అమ్మాయి అలాగే రాసుకుంది. మూడో రోజు "నీ పేరేమిటి" వచ్చింది: కాక్ తిబ్యా జవూత్. ఇందులో "ఏమిటి" ఏదో, "పేరు" ఏదో దానికి అంతుపట్టలేదు. కాక్ అంటే "ఎలా" అని నిఘంటువులో ఉంది. "నీ పేరు ఎలా అని ఎవరైనా అడుగుతారా నాన్నా?" అంది.

అప్పుడు ఇద్దరం కూర్చుని ఒక్కో మాటా విప్పి చూశాం. మిన్యా అంటే "నా" కాదు, "నన్ను". నేను అనడానికి "యా" అంటారు, దాని ద్వితీయా విభక్తి రూపం మిన్యా. జవూత్‌లో పేరనే మాటే లేదు. అది క్రియ. పిలవడం అనే అర్థమున్న "జ్వాత్" ధాతువుకి ప్రథమపురుష బహువచనం. పిలుస్తారు, అంటారు. కర్త ఎక్కడా లేదు. మొత్తం కలిపితే: నన్ను పద్మ అంటారు.

ఇది మన వాక్యం! గోంగూరని తెలంగాణలో పుంటికూర అంటారు. ఎవరంటారు అని ఎవరూ అడగరు. "మా ఇంట్లో ఉల్లిపాయ తినరు", "ఆ ఊళ్ళో సంక్రాంతికి పందేలు వేస్తారు". వీటిలో కర్త కనిపించదు, క్రియ చివరనున్న "రు" ఒక్కటే మనుషులున్నారని చెబుతుంది. రష్యన్లో ఆ పని జవూత్ చివరనున్న "ఊత్" చేస్తోంది. ఇంగ్లీషు ఇలా కర్తను వదిలేసి ఊరుకోలేదు, దే అనో పీపుల్ అనో తెచ్చి పెట్టాల్సిందే. అందుకే ఇంగ్లీషు మీదుగా వచ్చిన పిల్లకి ఈ వాక్యం అర్థం లేని మంత్రమైపోయింది. తెలుగు మీదుగా వస్తే నిమిషం పట్టదు. కాక్ తిబ్యా జవూత్ అంటే "నిన్ను ఏమని పిలుస్తారు?" మనం "ఏమని" అన్నచోట వాళ్ళు "ఎలా" అంటారు. తేడా అంతే.

రెండో వాక్యం వయసు. మ్న్యే వసిమ్నాత్సత్ ల్యేత్. మా అమ్మాయి మొదట "యా వసిమ్నాత్సత్" అని రాసింది, "నేను పద్దెనిమిది" అన్నట్టు. ఇంగ్లీషు వాక్యం నేర్పిన అలవాటు అది. "తెలుగులో చెప్పు, నీ వయసెంత?" అన్నాను. "నాకు పద్దెనిమిదేళ్ళు" అంది. మ్న్యే అంటే అదే, "నాకు". చతుర్థి. వాక్యంలో క్రియ లేదు, మనకీ లేదు. ఇక ల్యేత్ అంటే ఇక్కడ ఏళ్ళే, కానీ పుట్టుకలో అది "వేసవులు". వేసవిని ల్యేత అంటారు. ఇరవై ఒకటైతే "గోద్", ఇరవై రెండైతే "గోద", ఇరవై అయిదైతే మళ్ళీ "ల్యేత్". ఈ మూడు రూపాల లెక్క నాకింకా పూర్తిగా పట్టుబడలేదు. వేసవులు మాత్రం మనసులో నిలిచిపోయాయి. మన పెద్దలు శతం శరదః అని శరత్తులు లెక్కపెట్టి దీవించారు. వానని, ఏడాదిని రెంటినీ వర్షమనే అన్నారు. పదహారు వసంతాలు అంటాం. అంత చలిదేశంలో వేసవులు లెక్కపెట్టుకున్నారంటే నాకు ఆ జనం మీద ఏదో ఆప్యాయత కలిగింది.

మూడోది వృత్తి. యా స్తుద్యేంత్క. నేను విద్యార్థినిని. ఇక్కడా "యామ్" లాంటి క్రియ లేదు. ఆయన డాక్టరు అనడానికి ఓన్ వ్రాచ్ అంటే చాలు. మనకి "నేను విద్యార్థిని" అంటే మగపిల్లవాడి వాక్యం అవుతుంది, చివరి "ని" ఉత్తమపురుష ప్రత్యయం కాబట్టి. ఆడపిల్ల "విద్యార్థినిని" అనాలి. రష్యన్లో అబ్బాయి స్తుద్యేంత్, అమ్మాయి స్తుద్యేంత్క. ఆ ప్రత్యయం వాళ్ళకి లేదు.

ఉచ్చారణ గురించి ఒక మాట. పాఠంలో అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తున్నారు. అది చదివి అమ్మాయి "జవూట్" అంటోంది. రష్యన్ త, ద మన త, ద లాగే పళ్ళకు నాలుక ఆనించి పలికేవి. ట, డ ఆ భాషలోనే లేవు. జ కూడా "గాజు", "రోజు" అన్నప్పుడు మన నోట వచ్చే జ. తెలుగు లిపిలో రాసుకోమన్నాను, వారంలో పలుకు మారింది. పెద్దవారిని అడిగేటప్పుడు "తిబ్యా" బదులు "వాస్" అంటారు, మిమ్మల్ని అని. ఆ వాస్ పక్కన జవూత్ రాగానే స్ కాస్తా జ్ అయి "కాక్ వాజ్జవూత్" అని వినిపిస్తుంది. సత్ పక్కన జనుడు వస్తే సజ్జనుడైనట్టు! ఇది విన్న రోజు నేను తరగతిలో సంధి పాఠం మధ్యలో పిల్లలకీ చెప్పాను.

ఒకచోట మాత్రం మన వాక్యం అక్కరకు రాదు. "మీదే ఊరు?" అంటే "మాది గుంటూరు" అంటాం, ఒక్కరమే ఉన్నా "మా" అనే. వాళ్ళు "యా ఇజ్ గుంతూర" అంటారు, "నేను గుంటూరు నుంచి" అని. "మా" అంటే ఇంకెవరు వచ్చారని చూస్తారేమో.

గుంపులోని వారిని అడగదలుచుకున్నది: మీ వైపు తొలి పరిచయంలో "నన్ను ఫలానా అంటారు" అని చెప్పుకునే వాడుక ఉందా?

*

కాకినాడ నుంచి ఒకరు:
మా తాతగారి తరంలో ఉండేదండి. "నన్ను సుబ్బారావంటారండి" అనేవారు కొత్తవాళ్ళతో. అయితే అందులో "మీరు వినే ఉంటారు" అనే ఛాయ కాస్త ఉండేది. ఇప్పుడు అందరం "నా పేరు" అంటున్నాం. అయినా మాస్టారూ, "నా పేరు పద్మ"లో కూడా క్రియ లేదు కదా. ఇంగ్లీషు "మై నేమ్ ఈజ్" కంటే అదీ రష్యన్‌కి దగ్గరే.

పోస్టు రాసినవారు:
నిజమేనండి. "మయో ఈమ్య పద్మ" అని వాళ్ళకీ ఉంది, అక్షరాలా "నా పేరు పద్మ". కానీ మామూలు పరిచయంలో అది బిగుసుకున్నట్టు ఉంటుందట. మీరు చెప్పిన ఛాయ మాత్రం మిన్యా జవూత్‌లో లేదు. చంటిపిల్లలు కూడా అలాగే చెబుతారు.

అక్కడ ఆరేళ్ళు చదివి వచ్చిన ఒక డాక్టరు:
మాస్టారూ, అమ్మాయికి రెండు విషయాలు ముందే చెప్పండి. మొదటిది, తీ అంటే నువ్వు, వీ అంటే మీరు. ఆ అచ్చు మన ఈ కాదు. పెదాలు గుండ్రం చేయకుండా ఉ అనబోతూ నాలుక వెనక్కి లాగితే వస్తుంది, తెలుగులో దానికి అక్షరం లేదు. టీచర్లతో, పేషెంట్లతో ఎప్పుడూ వీ. ఇది ఇంగ్లీషు వాళ్ళకి నేర్పాలి గానీ మనకి అక్కర్లేదు, మీరు అనడం పుట్టుకతో వస్తుంది. చనువు పెరిగాక ఎదుటివారే "దవాయ్‌త్యె నా తీ" అంటారు, ఇక నువ్వు అనుకుందాం అని.

రెండోది తండ్రి పేరు. టీచరుగారిని ఇంటిపేరుతో కాదు, పేరు, దాని పక్కన తండ్రి పేరుతో చేసిన మాట కలిపి పిలవాలి. ఆ మాటని ఓచ్చెస్త్వ అంటారు. గగారిన్ తండ్రి అలెక్సేయ్, కాబట్టి ఆయన యూరి అలెక్సేయెవిచ్. తెరెష్కోవా తండ్రి వ్లదీమిర్, కాబట్టి ఆవిడ వలెంతీనా వ్లదీమిరవ్న. అప్లికేషన్లలో మాత్రం ఇంటిపేరు ముందు: గగారిన్ యూరి అలెక్సేయెవిచ్. మనకి ఇంటిపేరు ముందుండటం అలవాటే కాబట్టి నాకు ఆ ఫారాలు చూస్తే మన ఊరి రికార్డుల్లా అనిపించేవి. ఓచ్చెస్త్వ గడి దగ్గర మా బ్యాచ్‌లో కొందరం ఖాళీ వదిలాం, కొందరు నాన్న పేరు అలాగే రాశారు.

ఇంకొకటి. "పుట్టాను" అనడానికి మీరు "యా రదీల్స" అంటారు, అమ్మాయి "యా రదిలాస్" అనాలి. మన "పుట్టాను"లో ఆడా మగా తేడా లేదు. హిందీలో హుఆ, హుయీ గుర్తుంటే సులువు.

భాషల చరిత్ర చదివే ఒక సభ్యుడు:
జ్వాత్ ధాతువు గురించి. ఇది సంస్కృతంలోని హ్వయతికి చుట్టం. మన నోట్లో రోజూ ఆడే "ఆహ్వానం" అక్కడిదే. స్లావ్ భాషల్లో జ ఉన్నచోట సంస్కృతంలో హ రావడం ఒక వరస: వాళ్ళు చలికాలాన్ని జిమా అంటారు, మనకి హిమం. పాత స్లావ్ భాషలో "నేను"ని అజ్ అనేవారు, సంస్కృతంలో అహం. పరిచయం అయ్యాక వాళ్ళనే "ఓచిన్ ప్రియాత్న"లోనూ మన "ప్రియ" ఉంది. పేరు అనే ఈమ్య, నామ, ఇవీ బంధువులే. అలాగని రష్యన్ సంస్కృతంలోంచి పుట్టిందని ఎవరూ రాయకండి. రెండూ ఒకే పాత భాషకు పిల్లలు. మాస్టారు చెప్పిన వాక్య నిర్మాణం పోలిక వేరే సంగతి. తెలుగు ద్రావిడ భాష, అక్కడ చుట్టరికమేమీ లేదు. రెండు భాషలూ వేర్వేరుగా అలా అలవాటుపడ్డాయి.

విజయవాడ నుంచి ఒక పెద్దాయన:
మా తరం ఈ తండ్రిపేర్లన్నీ ప్రగతి ప్రచురణాలయం, రాదుగ తెలుగు పుస్తకాల్లోనే నేర్చుకుంది. విశాలాంధ్రలో రెండు మూడు రూపాయలకు కొనేవాళ్ళం. ఒకే మనిషిని ఇన్ని పేర్లతో పిలుస్తున్నారేమిటని మొదట్లో పేజీలు వెనక్కి తిప్పేవాణ్ణి. రాదుగ అంటే ఇంద్రధనుస్సు అని చాలా ఏళ్ళకు తెలిసింది. తర్వాత కొంత రష్యన్ నేర్చుకుని పాత నవలలు తెరిస్తే అక్కడ మన "అండీ" కనిపించింది. అవును అనడానికి "దా", కాదు అనడానికి "న్యేత్". 19వ శతాబ్దంలో పైవారితో మాట్లాడేటప్పుడు వీటి చివర ఒక "స్" తగిలించేవారు: దా-స్, న్యేత్-స్. అవునండి, కాదండి. "సూదర్", అంటే అయ్యా అనే మాట అరిగి ఆ ఒక్క అక్షరం మిగిలింది. విప్లవం తర్వాత మాటల్లోంచి అది పోయింది. మన అండీ ఇంకా ఉంది.

పోస్టు రాసినవారు:
దా-స్ నాకు కొత్త. అమ్మాయిచేత రాయించాను. డాక్టరమ్మగారికి కృతజ్ఞతలు, "రదిలాస్" ఇవాళే దిద్దుకుంది.

పేరు గురించి ఇంకొక ముక్క. మిన్యా జవూత్ తర్వాత పేరు మారదు, పద్మ పద్మగానే ఉంటుంది. ఆ వాక్యం దాటగానే విభక్తులు వస్తాయి: పద్మను పద్ము, పద్మకు పద్మ్యే, పద్మతో పద్మయ్. లక్ష్మి అనే పేరైతే ఏ విభక్తిలోనూ మారదు, విదేశీ పేరు ఇకారంతో ముగిస్తే రష్యన్లు దాన్ని కదపరు. నిన్న రాత్రి అమ్మాయి ఇంట్లో అందరి పేర్లూ ఒక కాగితం మీద రాసి, పక్కన తెలుగు విభక్తులు, వాటి పక్కన రష్యన్‌వి రాసుకుంది. వాళ్ళ నాయనమ్మ పేరు దగ్గర ఆగి, "నాయనమ్మతో అనడానికి ఏం రాయాలి?" అని అడిగింది. ఆవిడ పేరు సరస్వతి. ఇకారాంతమే. ఏమీ మార్చక్కర్లేదని చెప్పాను.