నిజాంపట్నం బుట్టలో నూనె కవ్వలు: చేపలు తావు మారుస్తున్నాయా?

గుంటూరు గృహస్థు:
నిజాంపట్నం నుంచి మా వీధికి వచ్చే చేపల బుట్టలో ఈ మధ్య నూనె కవ్వలు (ఆయిల్ సార్డిన్) విరివిగా కనిపిస్తున్నాయి. తమ చిన్నతనంలో బాపట్ల వైపు దొరికిన కవ్వలు సన్నగా, ఒళ్లంతా ముళ్లతో ఉండేవనీ, పులుసు మీద ఇంత నూనె తేలేది కాదనీ మా అత్తగారు అంటున్నారు. ఇది పాత రోజుల మీది మమకారమా, లేక సముద్రం వేడెక్కి చేపలు నిజంగానే తావు మారుస్తున్నాయా? తెలిసినవారు వివరించగలరు.

కృష్ణలంక వాసి:
మీ అత్తగారి మాటను కొట్టిపారేయలేము. సన్న కవ్వల జాతులు మన తీరంలో మొదటి నుంచీ ఉన్నాయి. నూనె కవ్వ వేరే జాతి. 1980ల నడిమి వరకు అది పడినదంతా దాదాపుగా కేరళ వైపు మలబారు తీరంలోనే. తమిళనాడు, ఆంధ్ర తీరాలలో చెప్పుకోదగినంతగా పడసాగింది ఆ తరువాతనే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు ఈ విస్తరణకు నీటి వేడిమి పెరగడాన్ని కారణంగా చూపారు. 1951–2015 మధ్య ఉష్ణమండల హిందూ మహాసముద్రం ఉపరితలాన సుమారు 1 డిగ్రీ వేడెక్కింది. చేప ఒంటి వేడి నీటితోపాటే మారుతుంది కనుక, మనం లెక్కచేయని ఆ ఒక్క డిగ్రీ దాని ఆకలినీ, ఊపిరినీ, గుడ్లు పెట్టే అదనునూ మార్చగలదు.

నిజాంపట్నం అల్లుడు:
అంతా వేడిమి ఖాతాలో వేయడం తగదు. కేరళలో 2012లో 4 లక్షల టన్నులకు చేరువైన నూనె కవ్వలు 2021లో సుమారు 3,300 టన్నులకు పడిపోయాయి; అవన్నీ మూటాముల్లె సర్దుకొని మన వైపు రాలేదు గదా! పసిఫిక్ నీరు వేడెక్కి వాతావరణాన్ని తారుమారు చేసే ఎల్ నినో ఉంది, పిల్ల చేపలను సైతం ఊడ్చేసే వలలు ఉన్నాయి. పైగా పడవలు ఇప్పుడు మునుపటికంటే దూరం పోతున్నాయి. చేప మన దగ్గరకు వచ్చిందో, మనమే దాని దగ్గరకు వెళ్లామో తేల్చడం అంత తేలిక కాదు.

కృష్ణలంక వాసి:
నిజమే. అందుకే చేప ఏ వలలో పడిందన్నది కూడా చూడాలి. దేశం మొత్తం మీద పడిన కానాగర్తలలో (మాకెరెల్ చేపలు) సముద్రపు అడుగున ఈడ్చే ట్రాల్ వలలకు చిక్కినవి 1985–89లో 2 శాతమే. 2003–07 నాటికి సుమారు 15 శాతం. పైనీటి చేప చల్లదనం వెతుక్కుంటూ కిందికి దిగుతున్నదని శాస్త్రవేత్తల భావన. (దాని శాస్త్రీయ నామంలోని ‘కనగుర్త’ మన తెలుగు మాటే, 1803లో పాట్రిక్ రస్సెల్ వెలువరించిన విశాఖ చేపల గ్రంథం ద్వారా లోకానికెక్కింది.) అట్లాంటిక్‌లో కానాగర్త దాయాది ఐస్‌లాండ్ దాకా పోయి, దేశాల మధ్య వాటాల తగవు పెట్టింది. మన చేపకు ఆ దారి లేదు: బంగాళాఖాతానికి ఉత్తరాన నేల అడ్డం, లోతుకు పోతే ప్రాణవాయువు బహు తక్కువ.

నిజాంపట్నం అల్లుడు:
అదను మాట మీరే ఎత్తారు కనుక ఒక సంగతి. చెన్నై తీరంలో నెమిప్టెరస్ (త్రెడ్‌ఫిన్ బ్రీమ్) అనే రకం చేపలు గుడ్లు పెట్టే కాలం వేసవి నెలల నుంచి అక్టోబరు–మార్చి వైపు జరుగుతున్నట్లు గమనించారు. మనకు వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. చేప గుడ్లు పెట్టేది చలికాలంలోనైతే, ఎండాకాలంలో ఆ 61 రోజులు పడవ కట్టేసుకొని కూర్చోవడం ఎవరి కోసమని మా మామగారు అడుగుతున్నారు.